యురేనియం గనుల పిప్పి – నీటిబారినుండి దానిని కాపాడుట ఎట్లు?

చెరకు గానుగలో రసము పిండిన పిదప పిప్పి మిగులును. అది బెల్లము వండు పొయ్యికే వంటచెరకుగా ఉపయోగపడును. నువ్వుల నూనె తీయగా మిగిలిన తెలకపిండి పశువులకు దాణా, పొలమునకు ఎరువు. మన పల్లెలలో ఏ పిప్పియు వృథా కాదు. కాని యురేనియం గనులలో మిగులు పిప్పి సంగతి వేరు. అది దేనికిని పనికిరాదు. ఎక్కడనో పారవేయుటకును వీలులేదు. దానిని ఒకచోట భద్రపరచి, తరతరములు కాపలా కాయవలసి యుండును. ఈ కాపలా మనుష్యుల భయముచేత కాదు. ఆ పిప్పిని కొంచెము కొంచెముగా దొంగిలించుకొని పోవునది వాననీరు.

పిప్పిలోని రేడియోధార్మికతను ఆర్పివేయు మందు లేదు. కాల్చినను, ఆమ్లము పోసినను, సిమెంటులో కలిపినను అది తగ్గదు. కాలమొక్కటే దానిని తగ్గింపగలదు. కావున మనము చేయగల పని ఒక్కటే: ఆ పదార్థము బావులకు, వాగులకు, పొలములకు చేరకుండ ఉన్నచోటనే నిలిపియుంచుట. దీనినే స్థిరీకరణము అందురు. నీరు ఒక పదార్థమునుండి లవణములను, లోహములను కరిగించి వెలికి తీసికొనిపోవుటకు నిక్షాళనమని పేరు. నిక్షాళనమును అరికట్టుటయే స్థిరీకరణముయొక్క ప్రధానోద్దేశము.

పిప్పిలో ఏమి మిగులును?

యురేనియం ఖనిజములో యురేనియం పాలు మిక్కిలి తక్కువ. అనేక గనులలో టన్ను రాతికి ఒకటి రెండు కిలోగ్రాములైనను ఉండదు. మన దేశపు గనులలో అంతకంటెను తక్కువ. రాతిని మెత్తని పిండిగా నూరి, గంధకామ్లముతోగాని, సోడియం కార్బొనేట్ వంటి క్షారముతోగాని కలిపినచో యురేనియం కరిగి ద్రావణములోనికి వచ్చును. దానిని వేరుచేయగా తక్కిన రాతిపిండి అంతయు బురదగా మిగులును. ఈ బురదను గొట్టముల ద్వారా పంపి, కట్ట పోసిన పెద్ద మడుగులో నింపుదురు. గనులవారు దీనిని టెయిలింగ్స్ అందురు; మనము పిప్పి అని పిలుచుకొందము.

యురేనియమును తీసివేసితిమి కదా, ఇంక పిప్పిలో రేడియోధార్మికత ఎట్లుండును? ఇది విద్యార్థులు తప్పక అడుగవలసిన ప్రశ్న. యురేనియం-238 పరమాణువు ఒక్కసారిగా స్థిరమైన సీసముగా మారదు. 14 మెట్లు దిగి తుదకు సీసమగును. నడుమనున్న మెట్లలో థోరియం-230, రేడియం-226, రేడాన్ వాయువు, పొలోనియం మొదలగునవి కలవు. కర్మాగారము పై మెట్టుననున్న యురేనియమును మాత్రమే తీసికొనును; క్రింది మెట్లలోనివి రాతిపిండిలోనే ఉండిపోవును. అందుచేత ముడి ఖనిజమునందలి రేడియోధార్మికతలో సుమారు 85 శాతము పిప్పిలోనే మిగులును. దీనికితోడు కొన్ని ఖనిజములలో ఆర్సెనిక్ వంటి విషపదార్థములు, కర్మాగారములో వాడిన రసాయనముల లవణములు కూడ అందుండును.

గంగాళము, చెంబు

రేడియం-226 అర్ధజీవితకాలము సుమారు 1600 సంవత్సరములు. అనగా నేడున్న రేడియములో సగము 1600 ఏండ్లకు, మిగిలిన సగములో సగము మరి 1600 ఏండ్లకు క్షీణించును. ఈ లెక్కన కొన్ని వేల ఏండ్లలో పిప్పి నిరపాయకరము కావలెను. కాని అట్లు జరుగదు. రేడియమునకు తల్లియైన థోరియం-230 ఆ పిప్పిలోనే ఉన్నది. దాని అర్ధజీవితకాలము సుమారు 75,000 సంవత్సరములు. చిల్లుపడిన చెంబులోనుండి నీరు కారిపోవుచుండగా, పైనున్న గంగాళమునుండి అంతే నీరు చెంబులో పడుచున్నదనుకొనుడు. గంగాళము వెలితిపడునంతవరకు చెంబు వట్టిపోదు. ఇక్కడ గంగాళము థోరియం, చెంబు రేడియం.

రేడియంనుండి పుట్టు రేడాన్ వాయువు. దాని అర్ధజీవితకాలము 3.8 దినములు మాత్రమే. పిప్పిపై మందమైన తడి బంకమన్ను కప్పినచో, రేడాన్ ఆ మట్టిని దాటి పైకి వచ్చులోపలనే చాలవరకు క్షీణించిపోవును. గాలిలోనికి పోవు రేడాన్‌ను ఆపుట కొంత సులభము. నీటితో పోవు వాటిని ఆపుటయే కష్టము.

నీరు, గాలి కలిసి చేయు పని

కొన్ని యురేనియం ఖనిజములలో పైరైటు అను ఇనుము-గంధకముల సమ్మేళనము ఉండును. భూగర్భములో గాలి తగలనంతకాలము అది మెదలక పడియుండును. రాతిని నూరి ఆరుబయట కుప్పపోయగానే గాలిలోని ఆక్సిజన్, వాననీరు దానిపై పనిచేయును. కొన్ని జాతుల సూక్ష్మజీవులు ఈ చర్యను మరింత త్వరితపరచును. ఫలితముగా ఇనుప త్రుప్పు, గంధకామ్లము ఏర్పడును. ఆ ఆమ్లము చుట్టునున్న రాతిపిండిలోని లోహములను కరిగించును. అనగా కర్మాగారములో మనము చేసిన పనినే కుప్పలో వాన మరల, మనము కోరకయే చేయుచుండును.

యురేనియమునకు మరియొక గుణము కలదు. ఆక్సిజన్ అందినచోట అది ఆరు సంయోజకతగల రూపమునకు మారి నీటిలో సులభముగా కరుగును. ఆక్సిజన్ లేనిచోట నాలుగు సంయోజకతగల రూపముననుండి దాదాపు కరుగదు. కావున గాలిని ఆపుట కూడ నీటిని ఆపినంత ముఖ్యము.

కట్ట తెగినచో ఏమగునో ప్రపంచము ఒకసారి చూచినది. 1979 జూలై 16న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున చర్చ్ రాక్ అనుచోట పిప్పిమడుగు కట్ట తెగి, 35 కోట్ల లీటర్లకు పైబడిన ఆమ్లజలము, సుమారు 1100 టన్నుల పిప్పి పుయెర్కో నదిలో పడినవి. ఆ నదీతీరమున నవాహో జాతివారు పశువులను మేపుకొని జీవించువారు. కట్ట తెగుట ఒక్క ఉదయము జరుగు ఆపద. అది అందరికి కనబడును. అడుగునుండి నీరు ఇంకుట ఏండ్ల తరబడి జరుగు ఆపద. అది ఎవరికిని కనబడదు.

రసాయనముల తాళములు

లోహములను కరుగకుండ చేయుటకు రసాయనశాస్త్రము పెక్కు ఉపాయములను చూపినది.

మొదటిది సున్నము. ఆమ్లపు పిప్పిలో సున్నము కలిపినచో ఆమ్లత్వము తటస్థమై, ఇనుము, యురేనియం, ఇతర భారలోహములు అవక్షేపములుగా పడిపోవును. పడిపోయిన ఇనుప హైడ్రాక్సైడు తన రేణువులపై మరికొంత యురేనియమును, ఆర్సెనిక్‌ను పట్టియుంచును.

రెండవది బేరియం. ఆవర్తపట్టికలో రేడియం బేరియమునకు సరిగా క్రింద నిలుచును. గుణములలోను దానికి దగ్గర. సల్ఫేటుగల నీటిలో బేరియం క్లోరైడు కొంచెము కలిపినచో, నీట కరుగని బేరియం సల్ఫేటు ఏర్పడి క్రిందికి దిగును. దిగుచు రేడియమును తన స్ఫటికములలో బంధించి తీసికొనిపోవును.

మూడవది ఫాస్ఫేటు. ఇది యురేనియముతో కలిసి మిక్కిలి తక్కువగా కరుగు ఖనిజములను ఏర్పరచును.

నాలుగవది లోహరూపమందలి ఇనుము. భూగర్భజలము పారుదారిలో కందకము త్రవ్వి ఇనుప రజను నింపినచో, అది యురేనియమును కరుగని రూపమునకు మార్చును. అమెరికాలోని మాంటిసెల్లోలో 1999లో ఇట్టి అడ్డుగోడను నిర్మించిరి. అది యురేనియమును పట్టినది. కాని కాలక్రమమున ఖనిజములు పేరుకొని ఆ గోడలో నీరు పారుట తగ్గినది.

ఇన్ని తాళములుండగా చిక్కేమి? ఒక తాళమును వేయు చెవియే మరియొక తాళమును తెరచును. ఆక్సిజన్ లేకుండ చేసితిమా, యురేనియం కరుగదు. కాని అదే స్థితిలో ఇనుప హైడ్రాక్సైడు కరుగును, అది పట్టియుంచిన ఆర్సెనిక్ విడుదలయగును. ఆక్సిజన్ లేనిచోట పెరుగు కొన్ని సూక్ష్మజీవులు సల్ఫేటును హరించును. అప్పుడు బేరియం సల్ఫేటు మెల్లగా కరిగి రేడియమును వదలివేయును. ఆమ్లము పోవలెనని క్షారమును పెంచి, అందు కార్బొనేటు కూడ ఎక్కువైనచో, యురేనియం దానితో జతగూడి మరల కరిగిపోవును. కావున ప్రతి కుప్పకు దాని రాతిని, దాని నీటిని పరీక్షించి మందు నిర్ణయింపవలెను. అన్నిటికి పనికివచ్చు ఒకే మందు లేదు.

మూత, అడుగు

రసాయనములకంటె ముందు రావలసినవి రెండు గోడలు: పైమూత, అడుగుపొర. అడుగున బంకమన్ను గట్టిగా దిమ్మిస చేసి, దానిపై నీరు ఇంకని ప్లాస్టిక్ పొర పరచుదురు. ఈ పని పిప్పి పోయుటకు ముందే జరుగవలెను. నిండిన మడుగు క్రింద తరువాత పొర పరచుట అసాధ్యమని వేరుగా చెప్పనక్కరలేదు.

పైమూతలో పలు వరుసలుండును. పిప్పిమీద గట్టిపరచిన బంకమన్ను. దానిపై వాననీటిని నిలుపుకొను మందమైన మట్టి. ఆపైన గడ్డి, మొక్కలు లేక రాతిపరుపు. వానకు మట్టి తడియును. ఎండలో మొక్కలు ఆ తడిని పీల్చి గాలిలోనికి పంపివేయును. క్రిందికి దిగు నీరు స్వల్పమగును. బంకమన్ను ఎండి బీటలువారుట, చెట్లవేళ్లు దిగుట, జంతువులు బొరియలు చేయుట, వాన కోయుట – ఇవి మూతకు శత్రువులు.

మెత్తని బురద మీద మూత వేయుటయు సులభము కాదు. అది ఏండ్లు గడచినను పెరుగువలె కదలుచుండును. ముందుగా దానిలో నిలువుగా వత్తులవంటి పట్టీలు దించి, పైన బరువు వేసి, లోపలి నీటిని పిండివేయుదురు. ఇట్లు వచ్చిన నీటిని శుద్ధిచేసి గాని విడువరాదు.

కెనడాలోని ఎలియట్ లేక్ ప్రాంతమున దీనికి విరుద్ధమైన పద్ధతి కనబడును. అక్కడి పిప్పిలో పైరైటు ఎక్కువ. వాన, మంచు పుష్కలము. అందుచేత కొన్ని మడుగులలో పిప్పిని శాశ్వతముగా నీటి అడుగుననే ఉంచిరి. ఆక్సిజన్ గాలిలోకంటె నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును; కావున పైరైటు ఆమ్లముగా మారజాలదు. శత్రువైన నీటినే కాపలాకు పెట్టిరన్నమాట. అయితే ఆ నీటిమట్టమును ఎన్నడును తగ్గకుండ చూడవలెను. మన రాయలసీమవంటి ఎండ ప్రాంతములకు ఇది పనికిరాదు.

రోనెబర్గ్ పాఠము

తూర్పు జర్మనీలో విస్ముట్ అను సంస్థ 1946 మొదలు 1990 వరకు రెండు లక్షల టన్నులకు పైగా యురేనియమును త్రవ్వి తీసినది. జర్మనీ ఏకమైన తరువాత త్రవ్వకములు నిలిచిపోయినవి. రాతికొండలు, బురదమడుగులు, ఖాళీ సొరంగములు మిగిలినవి. రోనెబర్గ్ పట్టణమునకు ప్రక్కననే లిష్టెన్‌బర్గ్ అను బ్రహ్మాండమైన గని గొయ్యి ఉండెను. చుట్టును పైరైటుతో నిండిన రాతిగుట్టలు వానకు తడిసి ఆమ్లమును స్రవించుచుండెను.

అక్కడి ఇంజనీర్లు గుట్టలను ఉన్నచోట కప్పుటకు బదులు, తిరిగి గోతిలోనికే చేర్చుటకు నిశ్చయించిరి. ఇందలి విశేషము రాళ్లను వేసిన క్రమము. రాతిని పరీక్షించి మూడు తరగతులుగా విభజించిరి. మిక్కిలి ఆమ్లము పుట్టించు రాతిని గోతి అడుగున వేసిరి. మునుముందు భూగర్భజలము పైకి లేచినప్పుడు ఆ రాయి మునిగిపోవును, దానికి గాలి తగలదు. అవసరమైనచోట కాల్చిన సున్నమును కలిపిరి. ఆమ్లమును హరించు సున్నపు గుణముగల రాతిని అన్నిటికంటె పైన వేసిరి. వాననీరు దానిగుండ దిగునప్పుడు క్షారగుణము పొంది లోనికి పోవును. చివర మీటరుకు పైబడిన మట్టిమూత కప్పిరి. 12 కోట్ల ఘనపు మీటర్లకు పైబడిన రాయి ఇట్లు తరలినది. 1990 తరువాత ఆరంభమైన ఆ పని ముగియుటకు పదిహేనేండ్లకు పైగా పట్టినది. 2007లో ఆ ప్రాంతముననే జర్మనీ జాతీయ ఉద్యానప్రదర్శన జరిగెను.

అంతటితో కథ ముగిసినదా? లేదు. పాత సొరంగములలో నిండి పైకి వచ్చు నీటిని సున్నముతో శుద్ధిచేయు కర్మాగారము ఇంకను నడుచుచునే యున్నది. పూలు పూచినవి, కాపలా తొలగలేదు.

తుమ్మలపల్లి విషయము

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లిలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారి గని, కర్మాగారము కలవు. 2012లో కర్మాగారము పని ప్రారంభించినది. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960 దశకమునుండి గంధకామ్లముతో యురేనియమును కరిగించు పద్ధతి ఉన్నది. తుమ్మలపల్లి రాయి మాత్రము డోలమైటు. అనగా సున్నపురాతికి చుట్టము. సున్నపురాతిపై నిమ్మరసము పిండినచో నురుగు వచ్చి రసము పులుపు చచ్చిపోవును గదా! అట్లే ఈ రాయి పోసిన ఆమ్లమునంతయు త్రాగివేయును. అందుచేత ఇక్కడ సోడియం కార్బొనేటు క్షారముతో, వేడిమిని పీడనమును కల్పించి, యురేనియమును కరిగింతురు.

ఈ పద్ధతిలో ఒక లాభము కలదు: పిప్పిలో ఆమ్లము పుట్టు భయము తక్కువ. ఒక జాగ్రత్త కూడ కలదు: కార్బొనేటుతో కూడిన యురేనియం ఋణవిద్యుదావేశము గల అయానుగా నీటిలో తిరుగును. బంకమన్ను రేణువుల ఉపరితలముపైనను ఋణావేశమే యుండును. సజాతి ఆవేశములు వికర్షించుకొనును గనుక, ఇట్టి యురేనియమును మట్టి పట్టియుంచునని నమ్మరాదు. నీటిని దిగనీయకుండుటయే అక్కడ రక్షణ. అందువలన అడుగుపొర ఎంత చక్కగా పరచబడినదన్న ప్రశ్నకు మిక్కిలి ప్రాముఖ్యము కలదు.

ఆ మడుగు సమీప గ్రామముల రైతులు తమ బోరునీరు చెడినదని, పంటలు దెబ్బతిన్నవని ఫిర్యాదు చేసిరి. తమవలన కాదని సంస్థ తెలిపినది. ఇట్టి వివాదములను తీర్చగలది కొలత ఒక్కటే. మన నేలలో గ్రానైటు మున్నగు రాళ్లనుండి సహజముగానే కొంత యురేనియం నీటిలో చేరుచుండును. కావున గని త్రవ్వకముందు బావినీటిలో ఎంత యుండెనో తెలిసియుండవలెను. తరువాత ఏటేట కొలిచి, ఆ లెక్కలను గ్రామస్థులకు చూపవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో త్రాగునీటికి సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం. మరియొక సంగతి: మడుగునుండి నీరు ఇంకుచున్నచో సోడియం, సల్ఫేటు వంటి లవణములు సాధారణముగా ముందు వచ్చును, భారలోహములు వెనుకబడును. బావినీటి ఉప్పదనము ఒక్కసారి పెరిగినచో అది పరీక్ష చేయింపుమని చెప్పు హెచ్చరిక.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును రేడియోధార్మిక పదార్థము లేకయే చూపవచ్చును. యురేనియమునకు బదులు మైలుతుత్తము, అనగా కాపర్ సల్ఫేటు వాడుదము. అది విషము గనుక నోట పెట్టుకొనరాదు, చేతులు కడుగుకొనవలెను.

మూడు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, మూతులలో దూది పెట్టి తలక్రిందులుగా నిలుపుడు. ఒక్కొక్క దానిలో గుప్పెడు ఇసుకను, అరచెంచా మైలుతుత్తపు పొడిని కలిపి వేయుడు. మొదటిదానిని అట్లే ఉంచుడు. రెండవదానిలో అరచెంచా పొడిసున్నము కూడ కలుపుడు. మూడవదానిపై రెండువ్రేళ్ల మందమున తడి బంకమన్ను నొక్కి పరచుడు. మూడింటిలోను అరగ్లాసు నీరు పోయుడు.

మొదటి సీసానుండి నీలపు నీరు కారును; ఇది నిక్షాళనము. రెండవదానినుండి రంగులేని నీరు వచ్చును. రాగి అవక్షేపమై ఇసుకలోనే నిలిచినది. మూడవదానిలో నీరు పైననే నిలుచును. కాని బంకమన్ను ఎండి సీసా అంచునుండి విడిచినచో, ఆ సందునుండియే నీలపు నీరు దిగును. ఇప్పుడు రెండవదానిలో వెనిగర్‌ను మరల మరల పోయుడు: సున్నము అయిపోగానే నీలము తిరిగివచ్చును. ఆ నీలపు అవక్షేపమును కొంచెము పరీక్షనాళికలో తీసికొని, ఉపాధ్యాయుడు అమోనియా ద్రావణము చేర్చినచో అది కరిగి ముదురు నీలమగును. ఆమ్లముచేతనే గాక, తగిన జత దొరికినప్పుడు క్షారములో కూడ లోహము కరుగునని దీనివలన తెలియును. తుమ్మలపల్లిలో యురేనియమునకు కార్బొనేటు చేయుచున్న పని ఇట్టిదే.

ప్రయోగము ముగిసిన తరువాత విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుడు: ఈ ఇసుకను ఎక్కడ వేయుదము? కాలువలో పోసినచో చేపలు చచ్చును. బావిప్రక్కన పోయరాదు. పేరు వ్రాసిన మూతడబ్బాలో ఉంచవలసినదే. ఆ డబ్బాను వచ్చు సంవత్సరము ఎవరు చూచుకొందురు? మూడు గుప్పెళ్ల ఇసుకకే ఇంత ఆలోచింపవలసివచ్చినప్పుడు లక్షల టన్నుల పిప్పి మాట వారికి వేరుగా బోధింపనక్కరలేదు.

ఎంతకాలము?

అమెరికాలో 1978లో వచ్చిన చట్టమును అనుసరించి చేసిన నియమములు పిప్పిమూత సాధ్యమైనంతవరకు వెయ్యి సంవత్సరములు, ఎట్లయినను 200 సంవత్సరములకు తక్కువ కాకుండ నిలువవలెనని నిర్దేశించినవి. మట్టికట్ట అంతకాలము నిలుచునా? కాకతీయులనాటి రామప్ప చెరువు కట్ట సుమారు 800 ఏండ్లుగా నిలిచియున్నది. అయితే అది తనంతట తాను నిలువలేదు. చెరువునీటితో బ్రతుకు ప్రజలు గండ్లు పూడ్చిరి; తూములు బాగుచేసిరి. చెరువు అన్నము పెట్టును గనుక జనులు దానిని మరువలేదు.

పిప్పిమడుగు ఎవరికిని అన్నము పెట్టదు. గని మూతపడి, ఉద్యోగులు వెడలిపోయి, రెండు తరములు గడచిన పిమ్మట అది గడ్డి మొలచిన మిట్టగా కనబడును. ఎవరో దానిపై బావి త్రవ్వవచ్చును, ఇల్లు కట్టుటకు మట్టి తీసికొనవచ్చును. కావున స్థిరీకరణపు ఖర్చులో మట్టి, సున్నము, ప్లాస్టిక్ పొరలతోపాటు, హద్దురాళ్లు, పటములు, ఏటేట నీటిపరీక్షలు, వాటికి కావలసిన నిధి కూడ గని తెరచిన నాడే చేర్చవలెను. యురేనియమువలన పుట్టు విద్యుత్తును మనము వాడుకొందుము. దాని పిప్పిని రాబోవువారు కాయుదురు. వారు తేలికగా కాయగలుగునట్లు దానిని అమర్చియుంచుట మన వంతు.